డీప్ స్పేస్ నైన్: క్వార్క్ బార్‌లో స్టూల్ మీద కూర్చునే ఆ మోర్న్ ఎవరు?

మిర్యాలగూడ_మిల్లు
స్టార్ ట్రెక్ డీప్ స్పేస్ నైన్ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ మూడో సీజన్‌లో ఉన్నాను. రాత్రి డ్యూటీ దిగాక రోజుకు రెండు ఎపిసోడ్లు చూస్తున్నా. అంతరిక్ష స్టేషన్, పక్కనున్న బేజోర్ గ్రహం, దాన్ని ఏలిన కార్డాసియన్లు, దూరాలు దాటించే ఆ వర్మ్‌హోల్ దారి, అంతా బాగానే అర్థమవుతోంది. ఒక్క మనిషి మాత్రం అర్థం కావడం లేదు. స్టేషన్‌లో క్వార్క్ అనే ఆయన నడిపే బార్‌లో కౌంటర్ దగ్గర స్టూల్ మీద ఒకాయన కూర్చుంటాడు. పెద్ద తలకాయ, ముడతలు పడ్డ ముఖం, బట్టతల. మొదటి ఎపిసోడ్ నుంచీ ఉన్నాడు. ఇప్పటికి 50 ఎపిసోడ్లు దాటాయి, ఆయన నోట ఒక్క మాట వినలేదు.
అంతవరకైతే పరవాలేదు. పక్కన కూర్చునే పాత్ర అనుకుని వదిలేసేవాణ్ని. కానీ మిగతావాళ్లు ఆయన గురించి చెప్పేది వేరేగా ఉంది. మోర్న్ అసలు నోరు మూయడట, కథలు మొదలుపెడితే ఆపడట! ఎప్పుడు మాట్లాడుతున్నాడు? ఎవరితో? ఎవరీయన? ముందు ముందు ఏమైనా తేలుతుందా? కథ చెప్పేయకుండా జవాబు ఇవ్వండి, బతిమాలుకుంటున్నా.

పాలమూరు_పోరడు
కథ చెప్పకుండా మోర్న్ గురించి చెప్పడం కష్టం అన్నా. ఒక్కటి చెప్తా. 6వ సీజన్ దాకా ఓపిక పట్టు. నీ ఓపికకు ఫలితం ఉంది.

గడియారం_చౌరస్తా
పేరు వెనుక ముచ్చట చెప్తే కథకేమీ నష్టం లేదు కాబట్టి చెప్తున్నా. అమెరికాలో చీర్స్ అని ఒక హాస్య సీరియల్ వచ్చేది, 1982 నుంచి 1993 దాకా. బోస్టన్‌లో ఒక బార్, రోజూ వచ్చే అవే ముఖాలు. అందులో నోర్మ్ అని ఒకాయన ఉంటాడు. తలుపు తీసుకుని లోపలికి రాగానే బార్ అంతా ఒక్క గొంతుతో "నోర్మ్!" అని అరుస్తుంది. ఎప్పుడూ అదే స్టూల్. ఆ పేరులో న తీసి మ దగ్గర పెట్టు, మ తీసి న దగ్గర పెట్టు. మోర్న్ అవుతుంది. 1993 జనవరిలో డీప్ స్పేస్ నైన్ మొదలైంది, అదే ఏడాది మేలో చీర్స్ అయిపోయింది. ఒక బార్ మూతపడుతుంటే ఆ స్టూల్ అంతరిక్షానికి వెళ్లిందన్నమాట.

మిర్యాలగూడ_మిల్లు
ఇది నాకు తెలియదు! తెలుగులో రాసుకున్నా అక్షరాలు సరిగ్గా తారుమారవుతున్నాయి.

దేవరకొండ_రాజు
ఇంత ఆలోచించాల్సింది ఏముంది? ఆయన ఒక ఎక్స్‌ట్రా. బార్ నిండుగా కనిపించాలంటే నలుగురు కూర్చోవాలి. ముసుగు బాగా కుదిరింది కాబట్టి కెమెరా ఆయన మీద ఆగింది. హాలీవుడ్‌లో మాట ఉన్న పాత్రకు ఒక జీతం, మాట లేని పాత్రకు ఇంకో జీతం. మాట ఇస్తే లెక్క మారుతుంది. మాట్లాడకపోవడానికి ఇంతకన్నా పెద్ద రహస్యం ఉందని నేననుకోను.

వనపర్తి_టీచరమ్మ
రాజు గారూ, జీతాల లెక్క నిజమే కావచ్చు. అది మొదటి రోజు లెక్క. 7 సీజన్లు, 170కి పైగా ఎపిసోడ్లు నడిచిన సీరియల్‌లో ఒక మనిషిని చివరిదాకా మాట్లాడించకుండా ఉంచి, మిగతా అందరి చేత ఆయన మాటల గురించి చెప్పించడం పొదుపు కోసం చేసే పని కాదు. అది రాసేవాళ్లు కావాలని పెట్టుకున్న పట్టు.
ఒగ్గు కథ చూసే ఉంటారు. చెప్పే ఆయన ఒకరు, పక్కన ఊ కొట్టే ఆయన ఒకరు. ఆ ఊ లేకపోతే కథ ముందుకు కదలదు. మా ఊళ్లో ఒకసారి ఊ కొట్టే ఆయనకు జ్వరం వచ్చి రాలేదు. కథ చెప్పే ఆయన అరగంటకే డోలు పక్కన పెట్టేశాడు, "ఎవరికి చెప్పాలె" అన్నాడు. ఎదురుగా రెండు వందల మంది కూర్చుని ఉన్నాం. అయినా ఆయనకు ఎవరూ లేనట్టే. క్వార్క్‌కు మోర్న్ అలాంటివాడు. క్వార్క్ తన గోడు అంతా కౌంటర్ తుడుస్తూ ఎవరికి చెప్పుకుంటాడో ఈసారి గమనించండి.

దేవరకొండ_రాజు
మంచి పోలికే టీచరమ్మా. కానీ ఒగ్గు కథలో ఊ మనకు వినబడుతుంది. ఇక్కడ అదీ లేదు.

నల్లమల_నీడ
నాదొక ఊహ. స్టార్ ట్రెక్‌లో అందరి భాషలూ అందరికీ అర్థమయ్యేలా చేసే అనువాద యంత్రం ఉంటుంది కదా. మోర్న్ లూరియన్ జాతి. ఆ జాతి గొంతు మన చెవికి అందని స్థాయిలో ఉందనుకోండి. యంత్రం ఉన్న క్వార్క్‌కు వినబడుతుంది, టీవీ ముందు కూర్చున్న మనకు వినబడదు.

పాలమూరు_పోరడు
నీడన్నా, మరి మిగతా జాతుల మాటలు మనకు ఎలా వినబడుతున్నాయి?

నల్లమల_నీడ
అక్కడే ఆగిపోయా తమ్మీ. ఆలోచిస్తున్నా.

గద్వాల_కోట
నేను గమనించింది వేరే. మోర్న్ నోరు తెరవబోయే సమయానికి సీన్ అయిపోతుంది, లేకపోతే ఇంకెవరో మధ్యలో వస్తారు. మనం బార్‌లోకి అడుగుపెట్టేసరికి ఆయన ముచ్చట అప్పుడే అయిపోయి ఉంటుంది. పెళ్లికి ఆలస్యంగా వెళ్తే "అయ్యో, ఇప్పుడే ఎంత నవ్వించాడో" అంటారు చూడండి, అలా.

కొల్లాపూర్_మామిడి
పైన ఎవరూ అనలేదు గానీ వేరే చోట్ల మోర్న్‌ని "మూగ పాత్ర" అని రాయడం చూశాను. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. మా తమ్ముడు పుట్టుకతో మాట్లాడలేడు, వినలేడు. కానీ మా ఇంట్లో ఎక్కువ మాట్లాడేది ఎవరని అడిగితే అమ్మ వాణ్నే చూపిస్తుంది. చేతులు ఆగవు. మామిడికాయలు గంపలకెత్తే రోజుల్లో తోటలో కూలీలందరూ వాడి చుట్టే కూర్చుంటారు. బయటివాళ్లు వచ్చి చూస్తే మాత్రం, ఒక పిల్లాడు చేతులు ఊపుతున్నాడు, అంతే. వాళ్లకు వినబడదు కాబట్టి వాడు మాట్లాడట్లేదు అనుకుంటారు.
మోర్న్‌ని చూసినప్పుడు నాకు అదే అనిపించింది. స్టేషన్‌లో ఉన్నవాళ్లందరికీ ఆయన మాట తెలుసు. తెలియనిది బయట ఉన్న మనకే.

వనపర్తి_టీచరమ్మ
మామిడీ, ఈ కోణం నాకు ఎప్పుడూ తట్టలేదు. తమ్ముడికి నా ఆశీస్సులు చెప్పు.

మిర్యాలగూడ_మిల్లు
ఈ పోస్టు రెండుసార్లు చదివాను. నేను అడిగిన ప్రశ్నే తప్పేమో అనిపిస్తోంది.

బత్తాయి_తోట
నాకు మోర్న్‌లో నచ్చింది ఆయన వృత్తి. ఊరికే తాగుతూ కూర్చునే మనిషి కాదు, సరుకు రవాణా చేసేవాడు. సొంత ఓడ ఉంది. మా నాన్న నల్లగొండ నుంచి బత్తాయి లోడు తీసుకుని హైదరాబాద్, నాగపూర్ తిరిగిన లారీ డ్రైవర్. లోడు దించి ఇంటికి వచ్చాక రెండు రోజులు చావడి దగ్గర కూర్చునేవాడు. అలా కూర్చున్నప్పుడు చూసినవాళ్లు "ఈయనకు పని లేదా" అనుకునేవాళ్లు. 20 రోజులు స్టీరింగ్ పట్టుకున్న చేయి అని వాళ్లకు తెలియదు. మోర్న్ సరుకులో బీట్‌రూట్ కుళ్లిపోయినప్పుడు నాకు మా బత్తాయి లోడు కళ్ల ముందు కనిపించింది. ఇక ఆ రెండో పొట్టలో దాచుకున్న

బత్తాయి_తోట
అయ్యో, సారీ. సగంలో ఆపేశాను. మిల్లన్నా, చివరి లైను చదవకు.

మిర్యాలగూడ_మిల్లు
చదివేశాను. రెండో పొట్టా??? నేను ఇంకా మూడో సీజన్‌లో ఉన్నానని మొదటి లైన్‌లోనే రాశాను కదా. చాలా బాధగా ఉంది.

పాలమూరు_పోరడు
తోటన్నా, ఇదేం పని!

బత్తాయి_తోట
తప్పు నాదే. నాన్న ముచ్చట రాస్తూ రాస్తూ మరిచిపోయా. మిల్లన్నా, కానీ ఒకటి నమ్ము. నువ్వు చదివిన రెండు మాటలతో అసలు విషయం నీకు ఊహకు కూడా రాదు.

మిర్యాలగూడ_మిల్లు
సరే. అయితే నేను ఆ ఎపిసోడ్ చూసేదాకా ఇటు రాను. 6వ సీజన్‌లో ఎన్నోది?

గడియారం_చౌరస్తా
12వది. పేరు "హూ మోర్న్స్ ఫర్ మోర్న్?". మధ్యలో దూకకు. వరుసగా చూస్తూ రా. 5వ ఎపిసోడ్‌లో కూడా ఒక చిన్న పని ఉంది ఆయనకు, కళ్లు తెరిచి చూడు.

(ఇక్కడి నుంచి 6వ సీజన్ ముచ్చట. చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.)

దేవరకొండ_రాజు
మిల్లు వెళ్లాడు కాబట్టి మనసులో మాట చెప్తా. ఆ 12వ ఎపిసోడ్ మోర్న్‌ని పాడుచేసిందని నా అభిప్రాయం. ఆరేళ్లు ఏమీ చెప్పకుండా ఉంచి, మోర్న్ చచ్చిపోయాడని కబురు తెచ్చి, ఒక్క గంటలో మాజీ భార్య, పాత దొంగతనం, లిసేపియా బ్యాంకు నుంచి 1,000 లాటినమ్ (అక్కడి డబ్బు) ఇటుకలు, వాటా కోసం వచ్చిన పాత తోటి దొంగలు, అన్నీ గుమ్మరించేశారు. రహస్యం అంటే రహస్యంగానే ఉండాలి.

గద్వాల_కోట
రాజన్నా, నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ ఎపిసోడ్ అయిపోయాక మోర్న్ గురించి నీకు గట్టిగా తెలిసింది ఏమిటి, చెప్పు. వచ్చినవాళ్లంతా అబద్ధాలకోరులే. నేను భార్యనని వచ్చింది ఒకావిడ. మేం వ్యాపారంలో అన్నదమ్ములమని ఇద్దరు. లూరియన్ భద్రతా అధికారినని ఒకడు, వాడూ దొంగే. అందరూ మోర్న్ గురించి ఒక్కో కథ చెప్పారు, ఎవరి కథ వాళ్ల వాటా కోసం. మనకు మిగిలింది మళ్లీ వేరేవాళ్లు చెప్పిన మోర్న్ మాత్రమే. మా పిల్లలమర్రి లాంటిది. ఊడలు లెక్కపెట్టొచ్చు, మొదలు ఏదో చూపించమంటే ఎవరూ చూపించలేరు.

పాలమూరు_పోరడు
పిల్లలమర్రి మా పాలమూరుది కోటన్నా, గద్వాల ఎప్పుడు తీసుకెళ్లింది? చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి బతికించుకున్న చెట్టు అది.

గద్వాల_కోట
ఉమ్మడి జిల్లా తమ్మీ, అందరిదీ.

వనపర్తి_టీచరమ్మ
కోట చెప్పింది నాకు నచ్చింది. క్వార్క్ ఆయన గదికి వెళ్లే సీన్ గుర్తుందా? ఇన్నేళ్ల స్నేహం, అప్పటిదాకా ఆ గది ఎలా ఉంటుందో తెలియదు. లోపల ఏముంది? దాదాపు ఖాళీ. గోడకు ఎద్దుతో పోరాడే మనిషి బొమ్మ ఒకటి. పడుకోవడానికి బురద తొట్టి. మనిషి పోయాక ఇల్లు తెరిస్తే ఏదో ఒకటి బయటపడుతుందని మనం ఆశపడతాం. ఆ గది ఏమీ చెప్పదు. ఆ బురదలోంచి మాజీ భార్యనంటూ ఒకావిడ లేవడం తప్ప!

నల్లమల_నీడ
ఆ బురద సీన్‌కు మా ఇంట్లో పిల్లలు కేకలు పెట్టారు. పది సార్లు వెనక్కి తిప్పించారు.

దేవరకొండ_రాజు
సరే, కోట వాదన బలంగా ఉంది. కానీ చివర్లో లాటినమ్ సంగతి? అది నిజమే కదా, ఎవరో చెప్పింది కాదు.

బత్తాయి_తోట
ఇప్పుడు చెప్పొచ్చు కదా నేను! ఇటుకల పెట్టె దొరుకుతుంది. క్వార్క్ ఒక ఇటుక విరిచి చూస్తాడు. లోపల ఏమీ లేదు. లాటినమ్ అనేది ద్రవం, దాన్ని బంగారంలో నింపి ఇటుకలుగా చేస్తారు. ఎవరో ముందే మొత్తం పిండేశారు. క్వార్క్ గుండె పగిలి అరుస్తాడు, మిగిలింది పనికిరాని బంగారమేనని. పనికిరాని బంగారం! మా అమ్మ పక్కన కూర్చుని చూస్తోంది, నేను తెలుగులో చెప్పేసరికి నమ్మలేదు. "పనికిరానిదైతే ఇటు పడెయ్యమను" అంది. మన దగ్గర ఒక తులం కోసం పెళ్లిళ్లు ఆగిపోతాయి. వాళ్లకు అది వడ్లగింజ మీద ఊక.
అసలు లాటినమ్ అంతా మోర్న్ రెండో పొట్టలో ఉంది, ఇన్నేళ్లుగా. జుట్టు ఊడిపోయింది కూడా దాని వల్లే. దొంగతనం మీద కేసు పెట్టే గడువు ముగిసేదాకా కడుపులో దాచుకుని అదే స్టూల్ మీద కూర్చున్నాడు మనిషి. చివర్లో తిరిగి వచ్చి, గ్లాసులోకి కక్కి క్వార్క్‌కు వాటా ఇస్తాడు, దాదాపు 100 ఇటుకల విలువ. చూసినప్పుడు కాస్త వికారంగా ఉంటుంది, కానీ నాకు కళ్లు చెమర్చాయి. నలుగురు దొంగలకు ఇవ్వనిది రోజూ గ్లాసు నింపినవాడికి ఇచ్చాడు.

పాలమూరు_పోరడు
బ్యాంకు లాకర్ అద్దె కూడా మిగిలింది.

దేవరకొండ_రాజు
గ్లాసు సీన్ బాగుంటుంది, అది నేనూ కాదనను. ఆరేళ్ల మౌనానికి దొంగతనం అనే కారణం చూపించడమే నాకు చిన్నదిగా అనిపించింది.

కొల్లాపూర్_మామిడి
మౌనానికి కారణం చూపించలేదు కదా రాజన్నా. ఆ ఎపిసోడ్‌లో కూడా అందరూ ఆయన ఎంత మాట్లాడేవాడో అనే చెప్పుకుంటారు. స్టేషన్‌లో గంభీరంగా ఉండే యోధుడు వోర్ఫ్ తనతో కుస్తీ ప్రాక్టీస్‌కు వచ్చేవాడంటాడు, మంచి జోడీ అంటాడు. వోర్ఫ్ నోట ఆ మాట రావడమంటే మామూలు విషయమా! స్టేషన్ అధికారి డాక్స్ అయితే ఒకప్పుడు ఆయన మీద మనసు పడ్డానని, ఆయనే వద్దన్నాడని చెప్తుంది. ఇవన్నీ మన కళ్ల ముందు ఎప్పుడూ జరగలేదు. స్టూల్ మీద కూర్చున్నప్పుడు తప్ప ఆ మనిషి జీవితమంతా మనం చూడని చోటే జరిగింది.

నల్లమల_నీడ
ఇంకోటి కలుపుతా. స్టేషన్ మీద దాడి జరగబోతోందని భయపడి, క్వార్క్‌ని స్టూల్‌తో కొట్టి, "అందరం చచ్చాం" అని అరుస్తూ బట్టల్లేకుండా పరిగెత్తాడని చెప్పుకుంటారు ఒక చోట. అదీ మనం చూడలేదు. చెప్పగా విన్నదే.

గద్వాల_కోట
అదే మనిషి 5వ ఎపిసోడ్‌లో ఏం చేశాడో చూడండి. స్టేషన్ శత్రువు డొమినియన్ చేతిలో ఉంది. వర్మ్‌హోల్‌కు అడ్డంగా పెట్టిన మైన్లు తీసేయబోతున్నారనే కబురు స్టేషన్ అధిపతి సిస్కోకు చేరాలి. తల్లి పుట్టినరోజుకని బయల్దేరిన మోర్న్ చేతనే రహస్యంగా కబురు పంపించారు. భయపడి పరిగెత్తినవాడే యుద్ధం మలుపు తిప్పే మాట మోశాడు. మాట వినబడని మనిషి చేత మాట మోయించారు. ఈ సీరియల్ రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

దేవరకొండ_రాజు
ఇది నేను ఎప్పుడూ ఇలా చూడలేదు కోటా. నిజంగా.

గడియారం_చౌరస్తా
ఆ 12వ ఎపిసోడ్‌లో నాకు ప్రాణం లాంటి సీన్ ఇంకోటి. మోర్న్ చనిపోయాడని కబురు వచ్చాక క్వార్క్ ఆ స్టూల్ ఖాళీగా ఉండకూడదంటాడు. బార్‌లో ఉన్న ఒక బేజోరన్‌ని (బేజోర్ గ్రహం మనిషిని) పిలిచి, ఈ సీటు వెచ్చగా ఉంచమని కూర్చోబెడతాడు. ఆ బేజోరన్‌గా వచ్చినది ఎవరో తెలుసా? మార్క్ అలెన్ షెపర్డ్. ఏడేళ్లూ ఆ బరువైన ముసుగు కింద ఉన్నది ఆయనే. తన సొంత ముఖంతో వచ్చి తన సీట్లోనే కూర్చున్నాడు. ఆయన చిత్రకారుడు కూడా. అంత మంచి నటుడికి ఒక్క డైలాగ్ లేదని జాలిపడేవాణ్ని. ఆ సీన్ చూశాక జాలి పోయింది.
దీనితో మా హోటల్ గుర్తొచ్చింది, చెప్పనివ్వండి. నల్లగొండలో మా నాన్నకు చిన్న చాయ్ హోటల్ ఉండేది. తెల్లవారుజామున 5కి షట్టర్ ఎత్తేసరికి ఒక ముసలాయన నిలబడి ఉండేవాడు. తలుపు పక్క బల్ల ఆయనది. చాయ్ సాసర్లో పోసుకుని తాగేవాడు, గంటన్నర కూర్చునేవాడు, వెళ్లిపోయేవాడు. నేను స్కూలు బట్టలు వేసుకుని అక్కడే ఇడ్లీ తినేవాణ్ని. నా ఎదురుగా ఆయన ఒక్క మాట మాట్లాడిన గుర్తు లేదు. నాన్నను అడిగితే "ఆయనా? ఆయన మొదలుపెడితే నా పని సాగదు" అనేవాడు. నేను నిద్ర లేచి వచ్చేలోపే ముచ్చట్లన్నీ అయిపోయేవట!
ఒక చలికాలం ఆయన రావడం ఆగిపోయింది. ఎవరింటివాడో సరిగ్గా తెలియదు, ఎవరినడగాలో తెలియదు. నాన్న వారం రోజులు 5 గంటలకు ఆ బల్ల మీద ఒక చాయ్ పెట్టాడు. చల్లారాక తనే తాగేవాడు. ఆ వారమంతా హోటల్‌కు వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు చెక్కాడని ఒకరు. సాయుధ పోరాటంలో కబుర్లు మోసిన పోరడు ఆయనేనని ఒకరు. సూర్యాపేటలో రెండు లారీలు ఉండేవి, అన్నీ పోగొట్టుకున్నాడని ఇంకొకరు. నాన్న అన్నీ విన్నాడు. "నాకు ఇవేవీ చెప్పలేదు, ఆవుల గురించి చెప్పేవాడు" అన్నాడు.

వనపర్తి_టీచరమ్మ
ఆవుల గురించి! మీ నాన్నగారికి ఆ కథలు గుర్తున్నాయా? ఉంటే రాసి పెట్టండి.

గడియారం_చౌరస్తా
ఒక్కటి గుర్తుంది టీచరమ్మా. కుంటి ఆవు ఒకటి సంతకు తోలితే మూడు సార్లు తిరిగి ఇంటికి వచ్చిందట. మూడోసారి వచ్చాక అమ్మడం మానేశాడట.

బత్తాయి_తోట
మర్రిగూడ వైపు మా తాత అరుగు కూడా ఇలాంటిదే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయింది, అరుగు దాటి వెళ్లలేకపోయేవాడు. కానీ ఊరి వార్త ఏదైనా ముందు ఆ అరుగుకే వచ్చేది. తాత పోయాక మా నానమ్మ చాన్నాళ్లు ఆ చోట ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ తర్వాత తనే కూర్చుంది.

దేవరకొండ_రాజు
నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. ఎపిసోడ్ పాడుచేసిందని ఇక అనను. కానీ దొంగతనం కథ లేకపోయినా నాకు ఆ స్టూల్ సీన్ ఒక్కటే చాలు. ఇది మాత్రం వదలను.

పాలమూరు_పోరడు
రాజన్న ఆ మాత్రం తగ్గడమే పండగ.

నల్లమల_నీడ
ఒక ప్రశ్న. డీప్ స్పేస్ నైన్ బయట కూడా మోర్న్ కనిపించాడు కదా?

గడియారం_చౌరస్తా
ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ నెక్స్ట్ జనరేషన్‌లో "బర్త్‌రైట్" మొదటి భాగంలో ఉన్నాడు, ఓడ స్టేషన్‌కు వచ్చినప్పుడు. 1995లో వాయేజర్ అనే మరో స్టార్ ట్రెక్ సీరియల్ మొదటి ఎపిసోడ్‌లోనూ బార్‌లో కూర్చుని ఉంటాడు. అక్కడా మాట లేదు. ఎవరి కథ మొదలవుతున్నా ఆయన అక్కడ ఉంటాడు.

కొల్లాపూర్_మామిడి
మొన్న తమ్ముడికి ఈ ఎపిసోడ్ చూపించాను, సబ్‌టైటిల్స్ లేకుండా, నేనే చేతులతో చెప్తూ. మోర్న్ మాట్లాడడని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. క్వార్క్ ముఖం చూపించి, "చూడు, వింటున్నాడు కదా" అన్నాడు.

వనపర్తి_టీచరమ్మ
మామిడీ, నా తరగతి గదిలో దీన్ని వాడుకోవచ్చా? పేరు చెప్పను.

కొల్లాపూర్_మామిడి
వాణ్ని అడిగాను అక్కా. పేరు చెప్పినా పరవాలేదన్నాడు, కానీ ఇక్కడ రాయొద్దన్నాడు.

మిర్యాలగూడ_మిల్లు
వచ్చేశాను. మొత్తం చదివాను. 12వ ఎపిసోడ్ నిన్న రాత్రి అయింది. తోటన్న మీద కోపం లేదు, నువ్వు అన్నది నిజమే, రెండో పొట్ట అని తెలిసినా నాకేమీ ఊహకు రాలేదు. నేను ఆవు లాంటి జాతి అనుకుని నెమరు వేస్తాడేమో అనుకున్నా.
నేను ఒక్కణ్నే చూడలేదు. నాన్న కూడా కూర్చున్నాడు. మిల్లులో హమాలీ పని మానేశాక నాన్నకు రాత్రుళ్లు నిద్ర పట్టదు. ఇంగ్లిష్ రాదు. నేను మధ్యమధ్యలో చెప్తున్నా. మోర్న్ చచ్చిపోయాడని చెప్తే నాన్న నమ్మలేదు. కుర్చీ చుట్టూ అంతమంది తిరుగుతున్నారు గానీ ఒక్కరూ శవం చూశామని అనట్లేదేంటి అన్నాడు. అప్పటికి ఎపిసోడ్ మొదలై పావుగంట కూడా కాలేదు!

దేవరకొండ_రాజు
నాన్నగారికి దండం. నాకు ఆ అనుమానం రావడానికి అరగంట పట్టింది.

గద్వాల_కోట
ఆ బేజోరన్ సీన్‌కు ఏమన్నారు?

మిర్యాలగూడ_మిల్లు
ఆ బేజోరన్, మోర్న్ ఒకే నటుడని నేను అప్పుడు చెప్పలేదు, నాకే తెలియదు. ఇక్కడ చదివాక పొద్దున చెప్పాను. మళ్లీ పెట్టించుకుని ఆ చోటు మాత్రం రెండుసార్లు చూశాడు. "కూర్చునే తీరు అదే" అన్నాడు. నాకు పోలిక కనపడలేదు. నలభై ఏళ్లు బస్తాలు మోసిన మనిషికి వీపు చూసి మనిషిని గుర్తుపట్టడం వస్తుందేమో.

గడియారం_చౌరస్తా
తర్వాతి ఎపిసోడ్ "ఫార్ బియాండ్ ద స్టార్స్". 1950ల న్యూయార్క్ కథ, నల్లజాతి రచయిత ఒకాయన అంతరిక్ష కథలు రాస్తుంటాడు. అది కూడా నాన్నతోనే చూడు. నెమ్మదిగా చెప్పుకుంటూ చూడు.

మిర్యాలగూడ_మిల్లు
ఇవాళ రాత్రికి అదే. నాన్నకు కథ కొంచెం చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు, ఆ స్టూల్ మనిషి అందులో ఉంటాడా అని.